జబ్బులకు డాక్టర్ల పేర్లెందుకు, లక్షణం పేరు పెడితే అందరికీ అర్థమవుతుంది కదా?

లక్షణం పేరు అందరికీ అర్థమైపోవడం వల్లే మా ఇంట్లో ఏడాది వృథా అయింది.

మా నాన్న దస్తావేజులు రాసేవారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా చిన్న గది, ముప్పై ఏళ్లు అదే పని. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆరేళ్ల కిందట సంతకం కలవలేదని బ్యాంకు నుంచి చెక్కు వెనక్కొచ్చింది. నాన్నకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద వరసగా పదిసార్లు సంతకం చేశారు. నేను పక్కనే కూర్చున్నాను. మొదటిది బాగానే ఉంది. కిందికి వెళ్లేకొద్దీ అక్షరాలు కుంచించుకుపోయి, పదోది నువ్వు గింజలు పేర్చినట్టుంది. చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా వణకలేదు.

పార్కిన్సన్ ఏమో చూపించమని బాబాయ్ అప్పుడే అన్నాడు. "అది వణుకుడు జబ్బు కదయ్యా, మీ అన్నయ్యకి వణుకేదీ?" అంది అమ్మ. అందరం ఊరుకున్నాం. భుజం పట్టేసిందని ఒకచోట ఎనిమిది నెలలు ఫిజియోథెరపీ చేయించాం. నడిచేటప్పుడు నాన్న కుడి చెయ్యి ఊగడం లేదని అక్కడ ఒక్కరూ గమనించలేదు. పేషెంట్ తలుపు తీసుకుని లోపలికి నడిచొస్తుంటే తలెత్తి చూసే డాక్టర్లు ఈ రోజుల్లో ఎంతమంది? ముందు స్కాన్ రాసేస్తారు.

చివరికి ఒక న్యూరాలజిస్ట్ బొటనవేలినీ చూపుడువేలినీ టకటకా తాటించమన్నారు. పదిసార్లు కాకముందే వేళ్ల మధ్య ఎడం తగ్గిపోయి చెయ్యి ఆగిపోయింది. వణుకు లేకుండా కూడా ఈ జబ్బు వస్తుందని ఆయన చెబితేనే మాకు తెలిసింది.

ఈ మాట పారిస్‌లో పందొమ్మిదో శతాబ్దంలోనే జాన్ మార్టిన్ షార్కో అనే నరాల డాక్టర్ చెప్పారు. 1817లో లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల గురించి రాసి, దీన్ని వణుకు పక్షవాతం అన్నారు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన వీధిలో చూసినవాళ్లే. షార్కో పనిచేసిన సాల్‌పెట్రియేర్ ఆస్పత్రిలో వేలమంది ఆడవాళ్లు ఉండేవారు. ఏళ్ల తరబడి వాళ్లని కళ్లారా చూశారాయన. చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు వచ్చే వణుకు వేరు, గ్లాసు అందుకోబోతే వచ్చే వణుకు వేరని విడదీశారు. రెండోది మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే మరో నరాల జబ్బుది. తల వణుకు తేడా విద్యార్థులకి దూరం నుంచి కనిపించాలని రోగుల తలకి పొడవాటి ఈకలు కట్టించేవారు. ఈ జబ్బులో అందరికీ వణుకు ఉండదు, పక్షవాతం అసలే కాదు, కాబట్టి పాత పేరు తప్పని చెప్పి పార్కిన్సన్ పేరు పెట్టారు. పార్కిన్సన్ 1824లో పోయారు, షార్కో పుట్టింది 1825లో. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే ఏఎల్ఎస్ అనే జబ్బుని విడిగా గుర్తించిందీ షార్కోనే, ఫ్రాన్స్‌లో దాన్ని ఇప్పటికీ షార్కో జబ్బనే అంటారు. అంతటివాడు ఈ జబ్బుకి మాత్రం తను పుట్టకముందే పోయిన మనిషి పేరు పెట్టాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

మనం మాత్రం ఇంకా వణుకుడు రోగం అనే అంటున్నాం. పేపర్లు కూడా అలాగే రాస్తాయి. వణుకు లేనివాళ్లు భుజం నొప్పి, నడుం నొప్పి అనుకుంటూ తిరుగుతూనే ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతిరాత చిన్నదవుతుంటే, నడకలో ఒక చెయ్యి ఊగకపోతే, వణుకు కోసం ఎదురుచూడకండి.

నాన్న ఇప్పుడు మాత్రలు వేళకి వేసుకుంటున్నారు. చిన్నపిల్లల కాపీ పుస్తకం, నాలుగు గీతలది, కొనిచ్చాం. గీతలుంటే అక్షరం కుంచించుకుపోదు. రోజూ పొద్దున్నే ఒక పేజీ రాస్తారు, అదీ పాత దస్తావేజు భాషలోనే, తూర్పు హద్దు, పడమర హద్దు అంటూ.