నలుగురిలోకి వెళ్తే మా పిల్లలు ఇలా ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: టీనేజ్ పిల్లలు బయట ప్రవర్తించే తీరు. అమ్మానాన్నలు రాశారు. ఈ పిల్లలతో ఏ చుట్టరికమూ లేని ఒక పెద్దాయన రాశారు. పదిహేనేళ్ల అమ్మాయి కూడా రాసింది. ఆమె ఉత్తరాన్ని మిగతా అందరూ చదవాలని నా కోరిక.

ప్రశ్న: టీచర్ గారూ, మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఇంట్లో నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు. ఫ్రెండ్స్‌తో బస్సెక్కాడంటే మాత్రం వీడు మావాడేనా అనిపిస్తుంది. కేకలు, ఈలలు, ఫోన్‌లో వీడియోలు స్పీకర్ ఆన్ చేసి బస్సంతా వినిపించడం. మొన్న నేనూ అదే బస్సులో ఉన్నాను. పట్టలేక అందరి ముందే గట్టిగా తిట్టాను. ఆగకపోగా ఇంకా రెచ్చిపోయాడు. ఇంటికొచ్చాక నాతో మాట మానేశాడు. తిట్టకుండా ఎలా ఊరుకోవాలి చెప్పండి. – ఒక తల్లి

జవాబు: ఊరుకోమని నేను చెప్పనమ్మా. ఆ బస్సులో పని ముగించుకుని అలసిపోయినవాళ్లు ఉంటారు, ఒంట్లో బాగాలేనివాళ్లు ఉంటారు. మీవాడి వీడియో వినాల్సిన ఖర్మ వాళ్లకేమిటి? ఆపాల్సిందే. ఎప్పుడు ఆపాలి, ఎవరి ముందు ఆపాలి అన్న దగ్గరే చిక్కంతా ఉంది.

ఇంట్లో మౌనంగా ఉండేదీ, బస్సులో ఈల వేసేదీ ఒకే పిల్లాడు. రెండూ నిజమే, ఏదీ నటన కాదు. పక్కన ఫ్రెండ్స్ ఉంటే ఈ వయసు పిల్లల్లో ఎంత తేడా వస్తుందో 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ అనే పరిశోధకులు చూపించారు. కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పసుపు లైటు వెలిగాక ఇంకాస్త ముందుకు పోతే పాయింట్లు పెరుగుతాయి, సమయానికి ఆపకపోతే గుద్దుకుని అన్నీ పోతాయి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే, ఫ్రెండ్స్ ఉన్నప్పుడు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. 24 దాటినవాళ్లలో ఫ్రెండ్స్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా కనిపించలేదు. సరదాకీ మెప్పుకీ స్పందించే మెదడు భాగాలు ఈ వయసులో బాగా చురుగ్గా ఉంటాయి. ముందూ వెనకా ఆలోచించి ఆపే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి మాత్రం ఇరవైలు సగం దాటాలి. మధ్యలో ఉన్న ఈ ఏళ్లలో ఆపే పని కొంత మనం పంచుకోవాలి.

గోల సంగతి ఇంకోటి. చుట్టూ శబ్దం ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లోనే దీని గురించి రాశాడు. ఇంజిన్ శబ్దం మీద ఒకడు గట్టిగా మాట్లాడితే, వాడి మీద ఇంకొకడు, వాడి మీద వేరొకడు. అంత అరుస్తున్నామని అందులో ఏ ఒక్కరికీ తెలియదు. ఇలాంటప్పుడు "మర్యాద లేదా?" అని అడిగితే వాళ్లకు కోపమొస్తుంది. "కొంచెం గొంతు తగ్గించండి, ముందు సీటు దాకా వినిపిస్తోంది" అంటే చాలామంది నిజంగానే ఉలిక్కిపడి తగ్గిస్తారు.

ఇక తిట్టడం. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లలకు వాళ్ల అమ్మలే తమను విమర్శిస్తున్న రికార్డింగ్ వినిపించి మెదడు స్కాన్ చేశారు. ఒక్కోటి అర నిమిషమే. బాధ, కోపం లాంటి వాటికి సంబంధించిన భాగాల్లో చురుకుదనం పెరిగింది. భావాలను అదుపు చేసుకునే భాగాల్లోనూ, ఎదుటివారి మనసు అర్థం చేసుకునే భాగాల్లోనూ తగ్గింది. అంటే మీరు తిట్టే ఆ క్షణంలో మీ మాటలోని న్యాయం వాడి తలకెక్కే అవకాశమే తక్కువ. పైగా ఫ్రెండ్స్ చూస్తున్నారు. అమ్మ తిడితే తగ్గిపోయాడని అనిపించుకోవడం ఆ వయసులో అన్నిటికంటే పెద్ద శిక్ష. అందుకే రెచ్చిపోయాడు.

కాబట్టి చెప్పాల్సింది బయల్దేరకముందు చెప్పండి. "బుద్ధిగా ఉండు" అనకండి, దానికి ఏ అర్థమూ లేదు. ఫోన్‌కి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేకపోతే సౌండ్ ఆపేయాలి. తలుపు దగ్గర అడ్డం నిలబడకూడదు. నిలబడలేని మనిషి ఎక్కితే లేవాలి. ఈ మూడూ చాలు, పది చెబితే ఒక్కటీ గుర్తుండదు. మీరూ అదే బస్సులో ఉంటే వాడి ఫోన్‌కి ఒక్క మెసేజ్ పంపండి, "సౌండ్" అని. ఫ్రెండ్స్‌కి తెలియదు, వాడి పరువు వాడి దగ్గరే ఉంటుంది, సౌండ్ ఆగుతుంది. అయినా ఆగకపోతే ఇంటికొచ్చాక ఒంటరిగా, కోపాలు చల్లారాక కూర్చోబెట్టి, వచ్చే వారం ఫ్రెండ్స్‌తో షికారు లేదని చెప్పండి. చెప్పాక దాని మీద నిలబడండి.

నేను బడిలో చాలా ఏళ్లు పనిచేశాను. పిల్లలను బయటికి తీసుకెళ్లిన ప్రతిసారీ అందరికంటే ఎక్కువ గోల చేసేవాడికి ఒక పని అప్పగించేదాన్ని. బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టి నాకు చెప్పాలి. అప్పటిదాకా వెనక సీట్లో నిలబడి అరిచేవాడు "ఏయ్, కూర్చోరా, లెక్క తప్పుతోంది" అని మిగతావాళ్లను సర్దేవాడు. ఈ వయసు పిల్లలకు నలుగురిలో తమకో స్థానం కావాలి. మనం ఇవ్వకపోతే ఈల వేసి సంపాదించుకుంటారు.

మాట మానేశాడన్నారు కదా. మీరే ముందు మాట్లాడండి. "అందరి ముందు అనకుండా ఉండాల్సింది. కానీ ఆ సౌండ్ మాత్రం తప్పే" అనండి. రెండు వాక్యాలూ ఒకేసారి చెప్పండి, మొదటిది చెప్పి ఆపేయొద్దు.

ప్రశ్న: మేడమ్, నాకు పదిహేనేళ్లు. మేం అయిదుగురు ఫ్రెండ్స్. ట్యూషన్ అయ్యాక కాసేపు పార్కులో కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం, నవ్వుకుంటాం. ఏ తప్పూ చేయం. అయినా వాచ్‌మన్ వచ్చి లేవమంటాడు. షాపులోకి వెళ్తే ఒకరు మా వెనకే తిరుగుతారు. పెద్దవాళ్లు అక్కడే నిలబడి ఫోన్‌లో ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు. మేం ఎక్కడికి పోవాలి? – ఒక పదో తరగతి అమ్మాయి

జవాబు: తల్లీ, నీ కోపంలో న్యాయం ఉంది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు విశ్రాంతి, ఆట, తీరిక ఉండాలని 31వ అధికరణం చెబుతుంది. శాంతియుతంగా నలుగురూ కలుసుకునే హక్కు 15వ అధికరణంలో ఉంది. పార్కు బెంచీ మీద కూర్చుని నవ్వడానికి నీకు ఎవరి దయా అక్కర్లేదు.

పెద్దలు ఈ విషయంలో ఎంత దూరం వెళ్లారో చెబితే ఆశ్చర్యపోతావు. వయసు పెరిగేకొద్దీ మన చెవులకు బాగా సన్నటి శబ్దాలు వినబడటం తగ్గిపోతుంది. 2005లో బ్రిటన్‌లో దీన్ని వాడుకుని ఒక పరికరం చేశారు. దాని కీచుశబ్దం కుర్రవాళ్లను సతాయిస్తుంది, పెద్దవాళ్లలో చాలామందికి అసలు వినపడదు. షాపుల ముందు పిల్లలు గుమిగూడకుండా దాన్ని బిగించారు. తప్పు చేసినవాడినీ చేయనివాడినీ, అమ్మ చంకలోని పసిబిడ్డనూ ఒకే గాటన కట్టి తరిమే పరికరం అది. 2010లో యూరప్ కౌన్సిల్ పార్లమెంటరీ అసెంబ్లీ దాన్ని నిషేధించాలని కోరింది. నాకు అది తలచుకుంటేనే బాధగా ఉంటుంది.

ఫోన్‌లో గట్టిగా మాట్లాడే పెద్దల సంగతీ నిజమే. ఇద్దరి మాటల్లో ఒకరివే వినిపిస్తుంటే పక్కవాళ్ల ఏకాగ్రత మరింత చెదురుతుందని 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. సగం మాటే వినపడుతుంది కాబట్టి మిగతా సగం ఏమై ఉంటుందా అని మెదడు వెతుకుతూనే ఉంటుంది. కాబట్టి పెద్దలారా, ఈ జవాబు మీకు కూడా.

ఇప్పుడు నీ వైపు. అయిదుగురూ దారికి అడ్డంగా వరసగా నడుస్తారా? ఎదురుగా వచ్చే ముసలావిడ పక్కకి దిగాల్సి వస్తుందా? మీకు అది కనపడదు, ఆవిడకి అదే కనపడుతుంది. బెంచీలు తక్కువుంటే ఇద్దరు గడ్డి మీద కూర్చోండి. వాచ్‌మన్ లేవమంటే "ఎందుకండీ? మేం ఏం మార్చుకోవాలో చెప్పండి" అని ఒక్కసారి మామూలు గొంతుతో అడుగు. కారణం చెబితే మార్చుకోవచ్చు. చెప్పకుండా కసిరితే ఆ రోజుకి లేచి వచ్చి, ఇంట్లో పెద్దవాళ్లతో వెళ్లి పార్కు చూసుకునేవాళ్లతో మాట్లాడించు. అక్కడ వాదనకు దిగొద్దు.

నువ్వు రాయని విషయం ఒకటి అడుగుతాను. మీలో ఎవరైనా తెలియనివాళ్లను వీడియో తీస్తారా? ఎవరో జారిపడ్డారని, వింతగా నడుస్తున్నారని, బెంచీ మీద ఒంటరిగా ఏడుస్తున్నారని తీసి గ్రూపులో పెట్టడం నేను చూశాను. గట్టిగా నవ్వే పిల్లలంటే నాకిష్టం. ఈ ఒక్క పనిని మాత్రం ఏ వయసు పేరు చెప్పినా ఒప్పుకోను. నవ్వు కాసేపట్లో ఆగిపోతుంది, ఆ వీడియో ఎవరి చేతుల్లోకి వెళ్తుందో, ఎన్నాళ్లు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. తీసినవాళ్లు మీ ఫ్రెండ్ అయితే ముందు నువ్వే తీసేయమని చెప్పు. నా మాటకంటే నీ మాటకే అక్కడ బలం ఎక్కువ.

ప్రశ్న: రైల్లో ఎదురు సీటు మీద బూట్లతో కాళ్లు పెట్టి కూర్చునే కుర్రాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పరాయి పిల్లలకు మనం చెప్పవచ్చా? చెబితే తిరగబడతారని టెన్షన్. – రిటైరైన ఉద్యోగి

జవాబు: చెప్పవచ్చండీ. చెప్పే పెద్దలు తగ్గిపోయారన్నదే నా బెంగ. గుంపు మొత్తాన్ని కాకుండా మీకు దగ్గరగా ఉన్న ఒక్కడి వైపు చూసి "బాబూ, కాస్త కాళ్లు తీస్తావా, నేను కూర్చోవాలి" అనండి. "మీ ఇంట్లో ఇదేనా నేర్పింది?" అన్నారంటే మాట కాళ్ల మీద నుంచి అమ్మానాన్నల మీదికి పోతుంది, ఇక వాడు దిగిరాడు. తీశాక "థాంక్స్" చెప్పి మీ దారిన మీరు పేపరు తెరవండి, వాడి ముఖం వైపు చూడకండి. తాగి ఉన్నా, కొట్టుకుంటున్నా, ఆడపిల్లలను వేధిస్తున్నా మీరు ఒంటరిగా కల్పించుకోవద్దు. తోటి ప్రయాణికులను కలుపుకుని రైల్వే సిబ్బందికి చెప్పండి.

ప్రశ్న: మా పాపకి పదమూడు. బయటికి వెళ్తే పది అడుగులు దూరంగా నడుస్తుంది. "నాన్నా, ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలవకు" అంటుంది. మేమంటే సిగ్గా? – ఒక నాన్న

జవాబు: మీ మీద సిగ్గు కాదు. అందరూ తననే చూస్తున్నారన్న భయం. ఈ వయసు పిల్లలు ఎప్పుడూ ప్రేక్షకుల ముందు ఉన్నట్టు భావిస్తారని డేవిడ్ ఎల్‌కిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లోనే రాశారు. కాలేజీ పిల్లలకూ ఇది పూర్తిగా పోదు. 2000లో వచ్చిన ఒక ప్రయోగంలో ఇబ్బందికరమైన బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి గదిలోకి పంపితే, దాదాపు సగం మంది దాన్ని గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది పావు మందే. పది అడుగులు వదిలేయండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం పక్కనే నడవాలని ముందే మాట తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారు. హోటల్‌కి వెళ్తే సర్వర్‌ని "ఏయ్" అని పిలుస్తాడు. కాస్త ఆలస్యమైతే చిటికెలు వేస్తాడు. వయసు అలాంటిది, అదే పోతుందిలే అంటారు మావారు. – ఒక గృహిణి

జవాబు: ఇంతవరకూ వయసు గురించి చాలా చెప్పాను. ఇది వయసు కాదమ్మా. ఇదే పిల్లాడు ప్రిన్సిపాల్ గదిలో చిటికె వేయడు. ఎవరి దగ్గర వేయవచ్చో, ఎవరి దగ్గర వేయకూడదో వాడికి బాగా తెలుసు. అది ఎక్కడో చూసి నేర్చుకున్నదే. ఇంట్లో పనికి వచ్చేవాళ్లను, డ్రైవర్‌ను, పార్సిల్ తెచ్చే కుర్రాణ్ణి మీరిద్దరూ ఎలా పిలుస్తున్నారో ముందు చూసుకోండి, "అదే పోతుందిలే" అన్న మీవారితో సహా.

తర్వాత ఒకసారి ఆర్డర్ చెప్పడం, బిల్లు అడగడం అంతా మీవాడికే అప్పగించండి. "అన్నా" అనో "బాబాయ్" అనో "సర్" అనో పిలవమనండి, ఏదైనా ఫర్వాలేదు. మళ్లీ చిటికె వేశాడంటే, పై తల్లికి ఇంటికెళ్లేదాకా ఆగమని చెప్పాను కదా, మీరు ఆగకండి. గొంతు పెంచకుండా, మీవాణ్ణి తిట్టకుండా, వాడు వింటుండగానే ఆ సర్వర్‌కి మీరు క్షమాపణ చెప్పండి. అవమానపడిన మనిషి అక్కడే ఉన్నాడు, మీరు ఇంటికెళ్లి మాట్లాడుకునేది ఆయనకు వినపడదు.