సీతాకోకచిలుక నిలబడదు కదా, ఫోకస్ స్టాకింగ్ ఎలా చేస్తారు?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా మాక్రో లెన్స్ కొన్నారు, ఏప్రిల్‌లో మన ఉత్తర వర్జీనియాలోని బుల్ రన్ పార్కుకి బ్లూబెల్స్ అనే అడవి పూలు చూడ్డానికి వెళ్లారు. సీతాకోకచిలుక కన్ను షార్ప్‌గా వస్తే రెక్క మసక, పువ్వులో కేసరాలు వస్తే రేకులు మసక. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్/22 పెడితే ఫొటో మొత్తం మెత్తబడిపోయింది. ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫొటోల్ని ఒకటిగా కలపడం, అంటే ఫోకస్ స్టాకింగ్, ప్రయత్నిస్తే పువ్వు చుట్టూ తెల్లటి అంచు వచ్చింది. పువ్వు సంగతి సరే, ఎగిరిపోయే ప్రాణికి పది ఫ్రేములు ఎలా తీస్తారని.

ఈ తప్పులన్నీ నేనూ అదే పార్కులో, అదే వరసలో చేశాను. అందుకే రాస్తున్నా.

ముందు ఎఫ్/22 సంగతి తేల్చేద్దాం. పువ్వు తన అసలు సైజులోనే సెన్సర్ మీద పడేలా, అంటే 1:1లో తీస్తున్నప్పుడు మీరు ఎఫ్/22 అని పెట్టినా లెన్స్ దాదాపు ఎఫ్/44లా పనిచేస్తుంది. వెలుతురు అంత చిన్న రంధ్రంలోంచి దూరేటప్పుడు చెదిరి, వివరం పోతుంది. ఎఫ్/8కి వస్తే వివరం దక్కుతుంది. కానీ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో, 1:1 దగ్గర, షార్ప్‌గా ఉండే లోతు సుమారు ఒక్క మిల్లీమీటరే. సగం సైజులో అయితే మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, పావు సైజులో తొమ్మిది పైన. ఈ మూడు అంకెలూ బుర్రలో ఉంటే ఎన్ని ఫ్రేములు కావాలో చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు సీతాకోకచిలుక. చాలాసార్లు దానికి స్టాకింగే అక్కర్లేదు. రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు అది నిలబెట్టిన కాగితంలా ఉంటుంది. కెమెరా వెనక తెరని ఆ కాగితానికి సమాంతరంగా పెట్టగలిగితే ఎఫ్/8లో ఒక్క ఫ్రేముకే రెక్క, కన్ను, మీసాలు చాలావరకు వచ్చేస్తాయి. మనం పక్కకి కొంచెం ఎక్కువ వాలితే తోక మసకబారుతుంది. మొదటి ఏడాది నేను స్టాకింగ్ నేర్చుకోవడానికి పెట్టిన టైములో సగం ఈ సమాంతరం మీద పెట్టుంటే ఎన్ని మంచి ఫొటోలు మిగిలేవో!

ఒక ఉదయం చెప్తా. ఏప్రిల్ మూడో వారం, వేళ్లు వణికే చలి. వాగు పక్క పాపా చెట్ల దగ్గర ఎండిన కొమ్మ మీద ఒక జీబ్రా స్వాలోటెయిల్ కనిపించింది. తెల్లటి రెక్కల మీద నల్ల చారలు, అడుగున ఒక ఎర్ర గీత, రెక్కల అంచుకి సన్నటి తోకలు. దాని గొంగళిపురుగులు పాపా ఆకులు తప్ప వేరేవి తినవు, కాబట్టి ఆ చెట్లున్న చోటే వెతకాలి. (పాపా మన సీతాఫలం కుటుంబంలోదే. మన ఊళ్లో కూడా సీతాఫలం ఆకులు తిని పెరిగే సీతాకోకచిలుక ఒకటి ఉంది, ఆకుపచ్చ మచ్చలది, టెయిల్డ్ జే అంటారు. రెండు పేర్లలోనూ సీతమ్మే ఉందని మా అమ్మకి ఫోన్లో చెబితే తెగ నవ్వింది.)

అంత చలిలో అది ఎగరలేదు. రెక్కల కండరాలు వేడెక్కితే గానీ లేవలేదు, ఆ వేడి ఎండ నుంచే రావాలి. మీసం మీద మంచు చుక్క కూడా కదలడం లేదు. నాకు దొరికింది ఇరవై నిమిషాలు. ట్రైపాడ్ వేసి, కెమెరా ఆటోమేటిక్ బ్రాకెటింగ్‌తో (ఫోకస్‌ని కెమెరాయే కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీస్తుంది) పన్నెండు ఫ్రేములు, అలా మూడు సార్లు తీశాను. నాలుగోసారికి ఎండ కొమ్మ మీదకి వచ్చింది. అది మెల్లగా రెక్కలు విప్పి ఎండకి ఒళ్లు కాచుకుంది, ఆ తర్వాత లేదు. ఇంటికొచ్చి కలిపితే మొదటి రెండు సెట్లూ శుభ్రంగా వచ్చాయి. మూడోదాంట్లో మాత్రం దానికి మూడు మీసాలు! మధ్యలో ఎప్పుడో ఒకటి కదిపింది. అలాంటప్పుడు ఫొటో పారేయక్కర్లేదు. మీసం బాగా వచ్చిన ఒక్క ఫ్రేముని తీసుకుని, రీటచింగ్ బ్రష్‌తో ఆ చోట మాత్రం దాన్నే పూస్తే సరిపోతుంది.

ఎండెక్కాక, పూల మీద వాలే వాటికి ట్రైపాడ్ పనికిరాదు. లెన్స్‌ని మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, షట్టర్ 1/500 పైన ఉంచి, మోచేతులు మోకాళ్లకి ఆనించి, కంటికి కొంచెం ముందు నుంచి మొదలుపెట్టి, బరస్ట్ (ఆగకుండా వరస ఫొటోలు) తీస్తూ ఊపిరి వదిలినంత నెమ్మదిగా ముందుకు వాలుతాను. ఎనిమిది, పది ఫ్రేముల్లో మూడో నాలుగో పనికొస్తాయి. కన్ను ఒకటి, ఒళ్లు ఒకటి, దగ్గరి రెక్క అంచు ఒకటి ఉంటే చాలు. స్ప్రింగ్ అజూర్ లాంటి చిన్న నీలం వాటికి ఈ పద్ధతిలో నాకు పదిసార్లకి ఒకసారి కుదురుతుంది, అంతే. సీతాకోకచిలుకని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి తీసేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చేయకండి. తెల్లవారకముందు మనం లేస్తే ఆ చలి ఊరికే దొరుకుతుంది.

పూల విషయంలో చిక్కు వేరే. ఈ అడవి పూలు చెట్లకి ఆకులు వచ్చి నేల మీద ఎండ మూసుకుపోకముందే గబగబా పూసి, కాసి, వెళ్లిపోతాయి. అందుకే ఎండతో వాటి లెక్క గట్టిగా ఉంటుంది. గాలి లేని వేళ తెల్లవారుజామే, కానీ స్ప్రింగ్ బ్యూటీ అనే చిన్న అడవి పువ్వు రాత్రి ముడుచుకున్న రేకుల్ని ఎండ తగిలేదాకా విప్పదు, మబ్బు పట్టినా విప్పదు. అది విప్పే వేళకి గాలి మొదలవుతుంది, తేనెటీగలూ దిగుతాయి. కాబట్టి నా వరస ఇది: గేటు తీయగానే సీతాకోకచిలుకలు, తర్వాత బ్లూబెల్స్ (అవి రాత్రి ముడుచుకోవు, గులాబీ మొగ్గలు, నీలం పూలు ఒకే గుత్తిలో ఉంటాయి), తొమ్మిదిన్నర దాటాక స్ప్రింగ్ బ్యూటీ.

స్ప్రింగ్ బ్యూటీ కాడ ఎంత సన్నమంటే మనం గట్టిగా నిట్టూరిస్తే ఊగుతుంది. ట్రైపాడ్ కాలికి ఒక దారం పోగు కట్టి వేలాడదీస్తాను. అది నిలిచినప్పుడే షట్టర్. పువ్వుకి గాలి వచ్చే వైపు గొడుగు విప్పి పెడతాను. నేల మీద పడుకోవడానికి ఖాళీ అయిన సోనా మసూరి సంచి, కెమెరా కింద బియ్యం నింపి కుట్టిన పాత జీన్స్ కాలు. దుకాణంలో అమ్మే బీన్ బ్యాగ్ కంటే ఇదే నయం, నేల ఎలా ఉంటే అలా కూర్చుంటుంది.

నా కెమెరా కేనన్ ఆర్6. అందులో ఫోకస్ బ్రాకెటింగ్ ఉంది, కానీ కలపడం మాత్రం కంప్యూటర్లోనే. ఎఫ్/5.6 లేదా ఎఫ్/8, అన్నీ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ కూడా లాక్. లేకపోతే ఒక మబ్బు తునక పోతూ సెట్టంతా పాడుచేస్తుంది. ఫోకస్ దగ్గర నుంచి దూరానికి పోతుంది కాబట్టి, మొదలు పువ్వు ముందు కొనకి ఒక వెంట్రుకవాసి ఇవతల పెట్టండి. పువ్వు లోతు పది మిల్లీమీటర్లయితే, ఒక ఫ్రేము మీదకి ఇంకోటి కొంచెం ఎక్కేలా, నేను పదిహేను నుంచి ఇరవై తీస్తాను.

నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది ఎక్కడ ఆపాలన్నది. రెండో ఏడాది ఒక బ్లూబెల్ గుత్తికి అరవై ఫ్రేములు తీసి అన్నీ కలిపాను. రేకు నుంచి వెనక నేల మీద కుళ్లిన ఆకు దాకా ప్రతిదీ షార్ప్. గర్వంగా మా ఆవిడకి చూపిస్తే, "దేవుడి పటం పక్కన పెట్టే ప్లాస్టిక్ పువ్వులా ఉందండీ" అంది. నిజమే. మళ్లీ అదే సెట్ తెరిచి మొదటి పద్దెనిమిది ఫ్రేములు మాత్రమే కలిపాను. వెనక అడవి నీలం పొగలా కరిగిపోయింది, గుత్తి ముందుకొచ్చింది. అప్పటి నుంచి పువ్వు వెనక రేకు దాటాక ఒక్క ఫ్రేము కూడా కలపను. ఎఫ్/5.6లో తీయడానికి కారణం కూడా అదే, వెనకది వెనకే ఉంటుంది.

ఇక మీ తెల్లటి అంచు. కెమెరా దూరపు రేకు మీద ఫోకస్ చేసినప్పుడు ముందున్న కేసరం మసకగా, ఉన్నదానికంటే లావుగా పరుచుకుని ఆ రేకులో కొంత భాగాన్ని కప్పేస్తుంది. ఆ భాగం ఏ ఫ్రేములోనూ శుభ్రంగా పడలేదు. సాఫ్ట్‌వేర్ అక్కడ ఊహిస్తుంది, ఆ ఊహే అంచు. మొదటి మందు ఫీల్డులోనే: కెమెరా కొంచెం పైకో పక్కకో జరిపి, కేసరాలు రేకు మీద అడ్డంగా పడని కోణం వెతకండి. రెండోది సాఫ్ట్‌వేర్‌లో. ఫ్రేములు కలిపే సాఫ్ట్‌వేర్లలో హెలికాన్ ఫోకస్ సి పద్ధతి, జెరీన్ స్టాకర్‌లో పీమ్యాక్స్, ఒకదాని మీద ఒకటి పడే కేసరాలకీ నూగుకీ బాగుంటాయి, కానీ నాయిజ్ (ఫొటోలో సన్న రవ్వలాంటి చుక్కలు) పెంచుతాయి, రంగు కాస్త గరుకు చేస్తాయి. హెలికాన్‌లో బి పద్ధతి, జెరీన్‌లో డీమ్యాప్ రేకు నునుపునీ రంగునీ కాపాడతాయి. నేను రెండూ చేసి, నునుపుగా వచ్చినదాన్ని కింద పెట్టి, కేసరాల చోట మాత్రం రెండోదాన్ని పూస్తాను. ఫొటోషాప్ ఆటో బ్లెండ్ పది ఫ్రేముల దాకా పర్లేదు, ఆపైన నాకు నచ్చదు.

ట్రిలియం అనే తెల్లటి అడవి పువ్వు కోసం మే మొదట్లో లిండెన్ దగ్గరి థాంప్సన్ వన్యప్రాణి ప్రాంతానికి వెళ్తారేమో. కొండవాలు మొత్తం తెల్లగా ఉంటుంది. అక్కడ మంచి కోణం కోసం బాట దిగి తొక్కకండి. ట్రిలియం విత్తనం నుంచి మొదటి పువ్వుకి ఏళ్లు పడుతుంది, పువ్వు కింద మూడు ఆకులు తెగితే ఆ ఏడాది దానికి తిండి లేనట్టే. అడ్డొచ్చిన ఎండు పుల్లని పక్కకి జరపండి, మొక్కని కాదు. ప్యాంటు సాక్సులో దూర్చుకోండి, ఇంటికొచ్చాక పిడుదుల కోసం మోకాళ్ల వెనక చూసుకోండి. నాకు ఒకసారి మోకాలి వెనకే దొరికింది.

ఈ వారం పార్కుకి వెళ్లలేకపోతే దేవుడి దగ్గర పెట్టిన చామంతి ఒకటి తెచ్చుకుని, ఫ్యాన్ ఆపి, డైనింగ్ టేబుల్ మీద ఇరవై ఫ్రేములు తీయండి. ముందు అన్నీ కలిపి చూడండి, తర్వాత మొదటి పది. మీ కెమెరా మోడల్ రాస్తే మెనూలో బ్రాకెటింగ్ ఎక్కడుందో చెప్తా.