అప్పీలు లాయరులో ఏం చూడాలి?

ప్రశ్న: అమెరికా ఫెడరల్ జిల్లా కోర్టులో మా సివిల్ కేసు ఓడిపోయాం. అప్పీలుకు ఎలాంటి లాయరును పెట్టుకోవాలి?

జవాబు: ముందు గడువు చూసుకోండి. తీర్పు నమోదైన 30 రోజుల్లో అప్పీలు నోటీసు ఆ జిల్లా కోర్టులోనే వేయాలి. ఫెడరల్ ప్రభుత్వం కక్షిదారైతే 60 రోజులు. అది దాటితే ఎంతటి లాయరైనా దాదాపు ఏమీ చేయలేరు.

అప్పీలు జడ్జి దగ్గర లా క్లర్కుగా (చట్ట పరిశోధనలో, తీర్పుల రాతలో జడ్జికి సాయపడే లాయరుగా) పనిచేసి ఉంటే మంచిదే. కానీ నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం రాత. వారు రాసిన బ్రీఫులు (కోర్టుకు ఇచ్చే రాతపూర్వక వాదనలు) రెండు అడిగి చదవండి. మొదటి బ్రీఫుకు సాధారణంగా 13,000 పదాలే పరిమితి. అందులో పది అంశాలు కుక్కినవారికన్నా రెండింటిని గట్టిగా వాదించినవారు మేలు.

ట్రయల్ అనుభవమూ కావాలి. కింది కోర్టులో లేవనెత్తని అభ్యంతరాన్ని పై కోర్టు మామూలుగా పట్టించుకోదు. మీ అభ్యంతరం ట్రాన్‌స్క్రిప్టులో (కోర్టు విచారణలో మాట్లాడిన మాటల రాతప్రతిలో) ఏ పేజీలో ఉందో వెతికి చూపగలవారు కావాలి. మీ అప్పీలు వినే సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీలు కోర్టు) బార్‌లో, అంటే అక్కడ వాదించడానికి అనుమతి ఉన్న లాయర్లలో, సభ్యత్వం ఉందో లేదో కూడా అడగండి.