పాఠకుల ప్రశ్నలు: డైవింగ్‌లో రెండో సిలిండర్ అవసరమా?

ప్రశ్న: అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు 30 మీటర్ల లోతు వరకు దిగే అర్హత ఉంది. వెళ్లిన ప్రతిసారీ ముక్కూ మొహం తెలియని వారినే నాకు జతగా ఇస్తున్నారు. వీపున ఉన్న సిలిండర్‌కు తోడు మరో చిన్న ఆక్సిజన్ సిలిండర్ పట్టుకెళ్లడం మంచిదా? ఆక్టోపస్ (సిలిండర్‌కు ఉండే రెండో మౌత్‌పీస్) ఉండగా అది దండగని మిత్రులు అంటున్నారు. కొంటే ఎంత పెద్దది కొనాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఒక సవరణ. మీరు వీపున మోస్తున్నది ఆక్సిజన్ కాదు, అధిక ఒత్తిడితో నింపిన మామూలు గాలి. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 30 మీటర్ల లోతులో పీలిస్తే మూర్ఛ వచ్చి ప్రాణమే పోవచ్చు. పత్రికల్లో తరచూ కనిపించే పొరపాటు కాబట్టి ఈ మాట చెప్పవలసి వచ్చింది.

ఇక ఆక్టోపస్ సంగతి. అది మీ జతగాడికి గాలి అందక మీ దగ్గరకు వచ్చినప్పుడు ఇవ్వడానికి ఉన్న రెండో మౌత్‌పీస్ మాత్రమే. దానికి గాలి వచ్చేది అదే సిలిండర్ నుంచి, అదే ఫస్ట్ స్టేజ్ గుండా, అంటే సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్ మొదటి భాగం గుండా. ఫస్ట్ స్టేజ్ చెడినా, సిలిండర్ ఖాళీ అయినా రెండు మౌత్‌పీసులూ ఒకేసారి పనికిరాకుండా పోతాయి. సొంత రెగ్యులేటర్‌తో విడిగా ఉండే చిన్న సిలిండర్‌కు ఈ ఇబ్బంది లేదు. డైవర్లు దానిని పోనీ సిలిండర్ అంటారు. పేరు అలా ఉన్నా, ‘పోనీలే’ అని ఏదో ఒకటి కొనేసే వస్తువు మాత్రం కాదు.

ఎంత పెద్దది కావాలో లెక్క వేసి చూద్దాం. కంగారులో ఉన్న మనిషి నీటిపైన నిమిషానికి 30 లీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే, 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగింతలు కాబట్టి నిమిషానికి 120 లీటర్లు కావాలి. మౌత్‌పీస్ మార్చుకుని కుదుటపడడానికి ఒక నిమిషం పట్టిందనుకోండి, అక్కడికే 120 లీటర్లు అయిపోయాయి. నిమిషానికి 9 మీటర్ల వేగంతో 5 మీటర్ల లోతుకు చేరడానికి సుమారు 230, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోయేందుకు అక్కడ మూడు నిమిషాలు ఆగడానికి 135, మిగిలిన దూరం నెమ్మదిగా పైకి రావడానికి దాదాపు 40 లీటర్లు పడతాయి. మొత్తం 525 లీటర్లు. 200 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) వరకు నింపిన 3 లీటర్ల సిలిండర్‌లో 600 లీటర్లు పడుతుంది కనుక మీ లోతుకు అది సరిపోతుంది. 18 మీటర్లు దాటనివారికి ఇదే లెక్కన 350 లీటర్లు చాలు. చేతిలో ఇమిడిపోయే 85 లీటర్ల బుల్లి సిలిండర్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ, 30 మీటర్ల దగ్గర అవి ముక్కాలు నిమిషం కూడా రావు. వాటిని మీకు సిఫారసు చేయలేను.

సిలిండర్‌ను వీపున పెద్దదాని పక్కన బిగించడం కంటే ఛాతీ పక్కన వేలాడదీయడమే నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే వాల్వ్, గేజ్ రెండూ కళ్లెదుట ఉంటాయి. మౌత్‌పీస్‌ను వేరే రంగులో ఎంచుకుని, మెడ చుట్టూ వేసుకున్న రబ్బరు తాడుకు తగిలించండి. పెద్ద సిలిండర్ అనుకుని తెలియక చిన్నదానితోనే ఊపిరి పీలుస్తూ కిందికి దిగిపోవడం దీనిలో ఉన్న అసలు ప్రమాదం. దిగే ముందు ఏ మౌత్‌పీస్ నోట్లో ఉందో, రెండు గేజ్‌లూ ఏమి చూపుతున్నాయో చూసుకోవడం తప్పనిసరి. చిన్న సిలిండర్‌లోని గాలిని డైవ్ లెక్కలో కలపకండి. ‘ఎలాగూ చిన్నది ఉందిగా’ అని ఇంకో పది నిమిషాలు అడుగున గడిపితే, అది అదనపు సిలిండర్ కాదు, ఆలస్యంగా ఖాళీ అయ్యే మొదటి సిలిండరే.

12 మీటర్ల లోతులో గైడ్ పక్కనే ఉండి తిరిగే డైవ్‌లకు ఇదంతా అవసరం లేదు. మీ పరిస్థితి వేరు. తెలియని జతతో 30 మీటర్లకు దిగుతున్నారు కనుక తీసుకోవడమే మంచిది. అయితే మొదటి రెండు మూడు డైవ్‌లు తక్కువ లోతులోనే చేసి, కళ్లు మూసుకుని కూడా మౌత్‌పీస్ అందుకోగలిగేలా సాధన చేయండి.

విమానంలో గాలి నిండిన సిలిండర్‌ను అనుమతించరు. ఖాళీదైనా వాల్వ్ విప్పి చూపమనే సంస్థలు అనేకం. అందువల్ల రెగ్యులేటర్ సొంతానికి కొనుక్కుని, సిలిండర్‌ను అక్కడి డైవ్ సెంటర్‌లో అద్దెకు ఇస్తారేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.