చేతిరాత డైరీ, ఫేస్‌బుక్ గోడ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. కొంతకాలంగా అవే విషయాలను ఫేస్‌బుక్‌లో పెడుతున్నాను. చదివేవాళ్లు పెరిగారు, బాగుందంటున్నారు. కానీ నోటుబుక్కు తెరిస్తే ఒక్క వాక్యం సాగడం లేదు. ‘ఎవరూ చదవనిదాన్ని చేత్తో రాయడమెందుకమ్మా’ అంటోంది మా అమ్మాయి. దానికి ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీ అమ్మాయి మాటలో రెండు విషయాలు కలిసిపోయాయి. చేత్తో రాయడం ఒకటి, ఎవరూ చదవరని తెలిసి రాయడం మరొకటి. నా ఉద్దేశంలో రెండోదే ముఖ్యం, అందుకే ముందు దాని గురించి చెబుతాను.

తమ్ముడు ఫోన్ చేశాడనీ, మీరు ఎత్తలేదనీ అనుకుందాం. నోటుబుక్కులో అయితే ‘కావాలనే ఎత్తలేదు, మళ్లీ డబ్బు అడుగుతాడేమోనని భయం వేసింది’ అని రాసుకోగలరు. అదే ఫేస్‌బుక్‌లో రాయాల్సివస్తే, ఆ తమ్ముడూ మరదలూ కూడా చదువుతారు కాబట్టి, అది తోబుట్టువుల అనుబంధం గురించిన నాలుగు మంచి మాటలుగా మారిపోతుంది. ఆ మాటలు అబద్ధం కాకపోవచ్చు. కానీ మీ భయం వాటిలో ఎక్కడా ఉండదు. నలుగురి ముందు మర్యాదగా మాట్లాడడం ఎవరికైనా సహజమే, అందులో తప్పేమీ లేదు. అయితే మనసులోని చిక్కును విప్పుకోవడానికి ఆ మర్యాద పనికిరాదు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, తన సహ పరిశోధకురాలితో కలిసి 1986లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేజీ విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను బాగా కలచివేసిన సంఘటనల గురించి రాయించారు. జరిగినదాన్నీ, అప్పుడు కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఈ ప్రభావం చిన్నదేననీ, అందరిలో ఒకేలా ఉండదనీ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మీ విషయంలో నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. ఆ విద్యార్థులకు రాసిన వెంటనే మనసు తేలికపడలేదు, పైగా మరింత దిగులు వేసింది. ఫేస్‌బుక్‌లో రాసిన మరునిమిషం మెచ్చుకోలు అందుతుంది, నోటుబుక్కు అలాంటిదేమీ ఇవ్వదు. వెంటనే దొరికే మెప్పుకు అలవాటుపడిన మనసుకు ఖాళీ పేజీ ముందు ఏమీ తోచకపోవడం సహజం. దాన్నిబట్టి మీకు రాయడం చేతకావడం లేదని అనుకోకండి.

అలాగని ఫేస్‌బుక్‌లో రాయడం మానేయమని నేను చెప్పను. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ సంగతి చూడండి. యుద్ధకాలపు డైరీలను, ఉత్తరాలను భద్రపరచమని 1944 మార్చిలో లండన్ రేడియోలో డచ్ మంత్రి ఒకరు కోరడం విని, ఆ అమ్మాయి తన డైరీని పాఠకుల కోసం తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని భాగాలు తీసేసింది, కొన్ని కొత్తగా చేర్చింది, మనుషులకు మారుపేర్లు పెట్టింది. అలా తిరగరాస్తూనే, తన సొంత డైరీని మాత్రం ఎప్పటిలాగే విడిగా కొనసాగించింది. మీరూ అలాగే చేయవచ్చు. ముందు నోటుబుక్కులో రాయండి, వారం ఆగి, అందులో నలుగురితో పంచుకోదగినది ఉంటే తీసి పెట్టండి.

ఇక చేతిరాత సంగతి. దాని గురించి ప్రచారంలో ఉన్నవన్నీ రుజువైనవి కావు. చేత్తో నోట్సు రాసుకున్న విద్యార్థులకు విషయం బాగా పట్టుబడుతుందని 2014లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం చెప్పింది కానీ, దాన్ని తిరిగి చేసి చూసినవారికి అంత తేడా కనిపించలేదు. నాకు నమ్మకమైన లాభాలు ఇంతకన్నా సాధారణమైనవి. చెయ్యి నెమ్మదిగా సాగుతుంది కాబట్టి తర్వాతి మాటను ఎంచుకునే వ్యవధి దొరుకుతుంది, మన బదులు ఫోన్ మాట అందించదు. పైగా కొట్టేసిన మాట పేజీ మీదే ఉండిపోతుంది. ‘కోపం’ అని రాసి, కొట్టేసి, పక్కన ‘అసూయ’ అని రాసుకున్న చోటు పదేళ్ల తర్వాత కూడా మీకు కనిపిస్తుంది. తెర మీద చెరిపేస్తే ఆ జాడ పోతుంది.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతూ అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉంటున్నాను. గదిలో నలుగురం. డైరీ ఎవరైనా చదువుతారేమోనని భయం. ఫోన్‌లో లాక్ వేసి రాసుకోవడం మేలు కాదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: గదిలోవాళ్ల నుంచి ఆ లాక్ కాపాడుతుంది. అయితే మీరు రాసింది ఫోన్‌లోనే ఉంటుందా, ఏదైనా కంపెనీ సర్వర్‌కు కూడా వెళుతుందా అన్నది ఆ యాప్ సెట్టింగ్స్‌లో చూసుకోండి. ‘స్నేహితులకు మాత్రమే’ అని పెట్టిన పోస్టును ఏకాంతమని అనుకోవద్దు. ఒక్క స్క్రీన్‌షాట్‌తో అది ఊరంతా తిరుగుతుంది. తాళం వేసే ట్రంకు పెట్టె ఉంటే నోటుబుక్కే రాయమంటాను. రాసి, ఒకసారి చదువుకుని, చింపేసినా నష్టం లేదు. గ్రూప్–1 మెయిన్స్ ఇప్పటికీ చేత్తో రాయాల్సిన పరీక్షే కాబట్టి, రోజూ తెలుగులో ఒక పేజీ రాస్తే మీ చేతికి ఆ అలవాటు కూడా నిలుస్తుంది.

ప్రశ్న: మొన్నటి వానకు బీరువాలోకి నీరు దిగి, నాన్నగారి పాత డైరీలు తడిశాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, టోలీచౌకి

జవాబు: ఎండలో పెట్టకండి, కాగితం ముడుచుకుంటుంది, సిరా వెలిసిపోతుంది. అతుక్కున్న పేజీలను బలవంతంగా విడదీయవద్దు. నీడలో, ఫ్యాను గాలికి పుస్తకాన్ని కాస్త తెరిచి నిలబెట్టి, పేజీల మధ్య అచ్చులేని తెల్ల కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చండి. లామినేషన్ చేయించవద్దు, ఆ ప్లాస్టిక్ పొరను తర్వాత తీయడం చాలా కష్టం. బాల్‌పెన్ను రాత చాలావరకు నిలుస్తుంది, మామూలు నీలి సిరా నీటికి కారిపోతుంది. అందుకే రాత కనిపిస్తున్న పేజీలను ఇప్పుడే ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి. పుస్తకాలు పూర్తిగా ఆరాక బీరువా పై అరలో, గోడకు తగలకుండా ఉంచండి.