విసాయ్ ఫాఫూవనిన్ గోల్స్ ఎన్ని? లావోస్ స్ట్రైకర్ కెరీర్‌ని లెక్క కట్టే పద్ధతి

ప్రశ్న: లావోస్ జట్టు తరఫున ఎక్కువ గోల్స్ కొట్టింది విసాయ్ ఫాఫూవనిన్ అంటారు. కానీ ఒక్కో సైట్‌లో ఒక్కో అంకె ఉంది. ఏది నమ్మాలి? ఆ అంకెను బట్టి అతని స్థాయి తెలుస్తుందా?

జవాబు: ఎక్కువ పట్టికల్లో కనిపించేది 18. నేనైతే దాన్నే పట్టుకుని మొదలుపెడతాను. తేడాలు ఎక్కువగా రెండు మూడు చోట్లే వస్తాయి.

మొదట సీ గేమ్స్ (ఆగ్నేయాసియా దేశాల క్రీడలు) చూడండి. 2001 నుంచి అక్కడ ఫుట్‌బాల్ వయసు పరిమితి ఉన్న పోటీ, అండర్-23 లేదా అండర్-22. 2009లో వియంటియాన్‌లో ఆ క్రీడలు జరిగినప్పుడు ఆల్‌ఫ్రెడ్ రీడ్ల్ శిక్షణలో లావోస్ సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. చాలా మంచి ఫలితం. అయినా అక్కడి గోల్స్ సీనియర్ లెక్కలోకి రావు. క్లబ్బులతో ఆడిన సన్నాహక మ్యాచ్‌లూ అంతే. ఏఎఫ్ఎఫ్ కప్ (ఆగ్నేయాసియా జాతీయ జట్ల టోర్నీ) క్వాలిఫయర్లు మాత్రం సీనియర్ మ్యాచ్‌లే. "టోర్నమెంట్ గోల్స్" అని వేరే పట్టిక వేసేవాళ్లు వీటిని వదిలేస్తారు, అక్కడ అంకె తగ్గిపోతుంది.

ఇక పేరు. లావో పేర్లకు ఇంగ్లిష్‌లో ఒకే స్పెల్లింగ్ లేదు. ఎస్ రావలసిన చోట ఎక్స్ రాస్తారు, ఇంటిపేరును రెండు మూడు రకాలుగా విడగొడతారు. దాంతో ఒకే ఆటగాడు డేటాబేస్‌లో ఇద్దరవుతాడు. పుట్టిన తేదీ, జెర్సీ నంబరు, ఆ మ్యాచ్ స్కోరు మూడూ సరిచూసుకున్నాకే గోల్స్ కలపండి. పాత మ్యాచ్‌లకు స్కోరు దొరికినా గోల్ కొట్టినవాడి పేరు తప్పుగా ఉండటం మామూలే. కనీసం రెండు చోట్ల కలిస్తేనే రాసుకోండి.

అసలు విషయం దీని తర్వాత ఉంది. లావోస్ స్ట్రైకర్ గోల్స్‌ని థాయ్ లేదా వియత్నాం స్ట్రైకర్ గోల్స్ పక్కన పెట్టి పోల్చకూడదు. ఏఎఫ్ఎఫ్ కప్ రెండేళ్లకోసారి వస్తుంది. 2007 నుంచి 2016 దాకా జరిగిన టోర్నీల్లో లావోస్ మొదట క్వాలిఫయర్లు గట్టెక్కాలి, ఆ తర్వాత గ్రూపులో మూడే మ్యాచ్‌లు. 2016లో క్వాలిఫయర్ల దగ్గరే ఆగిపోయింది. 2018 నుంచి నేరుగా గ్రూపులోకి వస్తోంది, ఐదు జట్ల గ్రూపు కాబట్టి నాలుగు మ్యాచ్‌లు గ్యారంటీ. అంటే విసాయ్ కాలపు ఆటగాళ్లకు పెద్ద జట్లతో ఆడే అవకాశమే తక్కువ. అందుకే గోల్స్ మొత్తం కంటే, గోల్స్‌ని ఆడిన నిమిషాలతో భాగించి చూడటం న్యాయం. నిమిషాలు దొరకకపోతే, మొదటి పదకొండు మందిలో దిగిన మ్యాచ్‌లతోనైనా భాగించండి.

గోల్ ఏ నిమిషంలో పడిందో కూడా రాసుకోండి. 2011 జులైలో ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో కున్మింగ్‌లో చైనాపై లావోస్ 2–0 ఆధిక్యంలోకి వెళ్లి, చివరికి 2–7తో ఓడింది. మనకు బాగా తెలిసిన మ్యాచ్ 2016 జూన్‌లో గువాహటిలో జరిగిన ఆసియా కప్ ప్లేఆఫ్ రెండో లెగ్ (ఇంటా బయటా ఆడే రెండు మ్యాచ్‌ల్లో రెండోది). 16వ నిమిషంలో ఖంఫెంగ్ సాయవుత్తి గోల్‌తో లావోస్ ముందుకెళ్లింది, భారత్ 6–1తో గెలిచింది. విరామానికే 2–1, మిగతా నాలుగూ రెండో సగంలో. కారణం కష్టమైనదేమీ కాదు. మొదట్లో ప్రత్యర్థి డిఫెన్స్ లైన్ పైకి జరిగి ఆడుతుంది, వెనక ఖాళీ ఉంటుంది, వేగమున్న ఫార్వర్డ్‌కి ఒక్క పొడుగాటి పాస్ చాలు. గంట దాటేసరికి మిడ్‌ఫీల్డ్ అలిసిపోతుంది, ఆ పాస్ ఇచ్చేవాడే ఉండడు. స్ట్రైకర్ సొంత హాఫ్‌లోకి దిగి డిఫెన్స్ చేస్తుంటాడు. బెంచ్ మీద అదే స్థాయి ఆటగాడు ఉండడు. అలాంటప్పుడు చివరి అరగంటలో గోల్స్ లేవని స్ట్రైకర్‌ని తప్పుపట్టడం నాకు సబబుగా అనిపించదు.

అందుకే పెద్ద జట్లపై డ్రాలకు నేను ఎక్కువ విలువ ఇస్తాను: 2010లో థాయ్‌లాండ్‌తో 2–2, 2012లో ఇండోనేషియాతో 2–2. 2011లో కంబోడియాపై ఎక్‌స్ట్రా టైమ్‌లో 6–2తో గెలిచి, రెండు లెగ్‌లు కలిపి 8–6తో ముందుకెళ్లిన మ్యాచ్‌లో గోల్స్ ఎక్కువే, కానీ అది సమ ఉజ్జీల పోరు. వేరే కాలమ్‌లో పెట్టండి.

క్లబ్ గోల్స్ మీద మాత్రం పెద్దగా ఆధారపడకండి. లావో లీగ్ చిన్నది, పాత సీజన్ల రికార్డు చిల్లులమయం. థాయ్‌లాండ్‌లో ఆడిన సీజన్లు ఉంటే అవి మెరుగైన కొలబద్ద. అది ఏ డివిజనో తప్పక రాయండి. 2018 నుంచి థాయ్ లీగ్‌లో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల) ఆటగాళ్లకు వేరే కోటా ఉంది కాబట్టి, ఆ ముందు అక్కడ చోటు దక్కించుకున్న లావో ఆటగాడు మిగతా విదేశీయులతో నేరుగా పోటీపడ్డట్టే.

కెరీర్ మధ్యలో హఠాత్తుగా ఆగిపోయినట్టు కనిపిస్తే గాయం అని రాసేయకండి. 2017లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో లావోస్ ఆటగాళ్లు పలువురిపై జీవితకాల నిషేధం పడింది. ఎవరి పేరు రాసే ముందైనా అధికారిక ప్రకటన చూడండి.

ఇప్పటి వాళ్లకూ ఇదే పద్ధతి. 2024 డిసెంబర్‌లో సురకర్తాలో ఇండోనేషియాతో 3–3 డ్రాలో ఫథానా ఫొమ్మథెప్ ఒక గోల్ కొట్టాడు. అది సీనియర్ గోలే, లెక్కలో ఉంటుంది. ఆ టోర్నీకి ఇండోనేషియా పంపింది ఎక్కువగా కుర్రాళ్ల జట్టు అన్న మాట కూడా పక్కన రాసుకోండి.