గాలి ఎటు వీస్తోందో చూసుకో బిడ్డా

బిడ్డా,

గోవా పోయి విండ్‌సర్ఫింగ్, అదే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్ల మీద పోవడం, నేర్చుకుంటున్నావని నిన్న మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. సంబురమైంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. భద్రకాళి చెరువు గట్టు మీద నడవాలన్నా భయపడే మన ఇంట్లో నీళ్లంటే ఎగిరి దూకేది నువ్వూ నేనే.

మొదట్లో వెడల్పాటి పెద్ద బోర్డే అడుగు. తెరచాప నాలుగు చదరపు మీటర్లు చాలు. ముందు మాస్టు, అంటే తెరచాపను నిలబెట్టే నిలువు కర్ర, కింది తాడు బిగించి, ఆ తర్వాతే బూమ్, అంటే చేతులతో పట్టుకునే అడ్డకర్ర, చివరి తాడు లాగాలి. బూమ్ నీ భుజాలెత్తున ఉండాలి. తెరచాప నీళ్లలోంచి లేపేటప్పుడు గాలి వీపుకు తగలాలి. మోకాళ్లు వంచి ఒంటి బరువుతో లాగు, నడుముతో లాగకు. నా నడుము సంగతి నీకు తెలుసు కదా.

ఇక అసలు మాట. 1990లో బుద్ధ విగ్రహం హుస్సేన్ సాగర్‌లో మునిగిందని విన్నావు కదా, అంతకు ఏడాది ముందు అక్కడే నేను మునగబోయాను. అప్పుడు సికింద్రాబాద్‌లో ఫౌజులో ఉన్నాను. ఆ రోజు ఒడ్డున నీళ్లు అద్దంలా ఉన్నాయి. గాలి ఒడ్డు మీది నుంచే వీస్తోందని, అందుకే అక్కడ అలలు లేవని నాకు తట్టలేదు. వంద గజాలు పోయాక అసలు గాలి తగిలింది. పడటం, లేవడం, మళ్లీ పడటం. లేచిన ప్రతిసారీ ఒడ్డు ఇంకొంచెం దూరమైంది. ఊరి బావిలో ఈదినోణ్ణి, నాకు ఈ చెక్కెందుకని బోర్డు వదిలేసి ఈత మొదలుపెట్టాను. సగం దూరంలో పిక్క పట్టేసింది. వెనక్కి చూస్తే బోర్డు అందనంత దూరం. పడవలో వచ్చిన మా ఉస్తాద్, మాకు నేర్పే ఆయన, కాలర్ పట్టి పైకి లాగి, "బోర్డు మునగదురా గాడిదా, నువ్వు మునుగుతావ్" అన్నాడు. మిగతా తిట్లు మీ పెద్దమ్మకు కూడా చెప్పలేదు.

సముద్రం దగ్గర పొద్దున గాలి నేల మీది నుంచి నీళ్ల వైపు పోతుంది, మధ్యాహ్నానికి ఒడ్డు వైపు తిరుగుతుంది. పొద్దున నీళ్లు చదునుగా ఉన్నాయని మురిసిపోకు. గుప్పెడు ఇసుక తీసి వదిలి చూడు, నీళ్ల వైపు ఎగిరితే ఆ పూట దిగకు. ఎప్పుడైనా కొట్టుకుపోతే బోర్డు మీదే కూర్చొని, రెండు చేతులూ పక్కలకు చాపి మెల్లగా పైకీ కిందికీ ఊపు, అది సాయం అడిగే సైగ. బోర్డు మాత్రం వదలకు తల్లీ.

పెద్దమ్మ సకినాల డబ్బా పంపుతోంది. లైఫ్ జాకెట్ వేసుకొని ఫోటో పంపు, పట్టీలు బిగించినట్టు కనపడాలి. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు.

మీ పెద్దబాపు